చెరువు కట్ట మీద రాత్రి కథ: నడక, తిండి, కథ కలిపి ప్రదర్శన చేయడం ఎలా

రాత్రిపూట నడవడం, నడిచిన చోట వండుకుని తినడం, తిన్న చోటే కథ వినడం మన వైపు కొత్త పనులు కావు. ఎడ్లబండ్లు కట్టుకుని మేడారం పోయిన పెద్దలు దారిలో చెట్ల కింద పొయ్యి పెట్టుకున్నారు, ఆ పొయ్యి చుట్టూ సమ్మక్క కథ చెప్పుకున్నారు. ఐనవోలు, కొమురవెల్లి మల్లన్న దగ్గర ఒగ్గు పూజారులు పట్నం (రంగుల పొడులతో పెద్ద ముగ్గు) వేసి కథ చెప్తారు. సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్లు చెరువుదాకా నడిచి, బతుకమ్మను నీళ్లలో వదిలి, ఒడ్డునే సద్దులు పంచుకుంటారు. కుర్చీలు, స్టేజీ లేకుండా చూసేవాళ్లే ప్రదర్శనలో భాగమయ్యే నాటకం గురించి ఈ మధ్య నగరాల్లో ఆసక్తిగా మాట్లాడుకుంటున్నారు. దానికి కావాల్సిన సరుకంతా మన ఊళ్లలోనే ఉంది. ఒక రాత్రికి, ఒక దారికి, ముప్పై మందికి సరిపోయేలా దాన్ని ఎలా అమర్చాలో ఇక్కడ చెప్తాను.

మొదలుపెట్టే ముందే ఒక నియమం పెట్టుకోండి: అందరిదీ ఒకే దారి, ఒకే కుండ. కథకుడు, డప్పు కళాకారులు, వంట చేసినవాళ్లు, వరంగల్ నుంచి వచ్చిన అతిథులు, ఊరివాళ్లు అందరూ ఆ దారిన నడవాలి, ఆ కుండలోది ఒకే బంతిలో కూర్చుని తినాలి. డప్పు కొట్టినవాళ్లకు పక్కకు పిలిచి విడిగా పెట్టే అలవాటు మన ఊళ్లలో ఇంకా పూర్తిగా పోలేదు. మీ కార్యక్రమంలో అది జరిగితే కథ ఎంత బాగా చెప్పినా, వెన్నెల ఎంత బాగున్నా ఆ రాత్రి చెడిపోయినట్టే. కింద చెప్పే ఏర్పాట్లలో చాలావరకు ఈ నియమం కోసమే.

దారి ముందు, కథ తర్వాత

చాలామంది ముందు కథ రాసుకుని, దానికి తగిన చోటు కోసం వెతుకుతారు. నేను దీన్ని తిరగేసి చేయమంటాను. దారి దొరికితే కథ దానంతటదే బయటికొస్తుంది.

ఉత్తర తెలంగాణలో ఈ పనికి చెరువును మించిన చోటు నాకు కనబడలేదు. కాకతీయుల కాలం నుంచి ఇక్కడ గొలుసుకట్టు చెరువులున్నాయి. పై చెరువు నిండి మత్తడి (నీళ్లు పొర్లిపోయే అలుగు) దుంకితే ఆ నీళ్లు కింది చెరువులోకి పోతాయి. అందుకే ప్రతి చెరువుకూ నడవడానికి కట్ట, ఆగడానికి తూము, నీటి చప్పుడుకు మత్తడి, మొక్కడానికి కట్ట మైసమ్మ ఉంటాయి. ఒక రాత్రి ప్రదర్శనకు కావాల్సిన మజిలీలు ముందే కట్టి పెట్టినట్టుంటాయి.

దారి మొత్తం రెండు కిలోమీటర్లకు మించకూడదు. పగలు అరగంటలో నడిచే దూరమే అయినా, రాత్రి ముప్పై మంది ఒకరి వెనక ఒకరు నడిస్తే గంట పడుతుంది. మజిలీలు కలిపితే మూడు గంటలు. ఒక నమూనా దారి ఇస్తున్నాను, మీ ఊరిని బట్టి మార్చుకోండి. ఊరి నడిబొడ్డున బొడ్రాయి దగ్గర మొదలుపెట్టండి. అక్కడి నుంచి ఊరి చివర మర్రిచెట్టు, తర్వాత కట్ట ఎక్కే చోట మైసమ్మ గుడి, కట్ట మధ్యలో తూము, చివర మత్తడి. మత్తడి పక్క నుంచి దిగితే వరి కోసిన పొలాలు, ఆ పొలాల మధ్య కల్లం. కల్లం దగ్గర ముగించండి. కల్లం చదునుగా, శుభ్రంగా ఉంటుంది, ముప్పై మంది గుండ్రంగా కూర్చోవచ్చు, పొయ్యి పెట్టుకోవచ్చు. ఒకటే జాగ్రత్త, గడ్డివాము దగ్గర్లో ఉండకూడదు.

కట్ట వెడల్పు చూసుకోండి. ఇద్దరు పక్కపక్కన నడవలేని కట్ట రాత్రికి పనికిరాదు. సర్కారు తుమ్మ అల్లుకుపోయిన కట్ట కూడా వద్దు. మిషన్ కాకతీయలో బాగుచేసిన చెరువుల్లో చాలా కట్టలు వెడల్పు అయ్యాయి, అలాంటిది వెతుక్కోండి.

వరంగల్ కోటలో చేయాలని చాలామందికి కోరిక. ఆ నాలుగు తోరణాల మధ్య 1323 నాటి కోట పతనం కథ వినాలని ఎవరికుండదు? కానీ ఆ ప్రాంగణం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. రాతపూర్వక అనుమతి లేకుండా కార్యక్రమం పెట్టకూడదు, లోపల వంట ఆలోచనే వద్దు. తప్పదనుకుంటే మట్టికోటకూ రాతికోటకూ మధ్య జనం నివసించే వీధుల్లో, మామూలు రోడ్డు మీద నడక పెట్టుకుని, తిండీ కథా ఎవరి ఇంటి వాకిట్లోనో ఏర్పాటు చేసుకోవచ్చు. ములుగు, ఏటూరునాగారం అడవి దారులు ఇంకా ఆకర్షిస్తాయి గానీ రాత్రిపూట అటు వద్దే వద్దు. అది అభయారణ్యం, జంతువుల వేళ.

తిథి చూసి రోజు పెట్టుకోవడం

కార్తీకం సగం దాటినప్పటి నుంచి మాఘం దాకా మంచి కాలం. వానలు ఆగిపోతాయి, వానాకాలం వరి కోతలు అయిపోతాయి, దోమలు తగ్గుతాయి, చెరువులో నీళ్లు ఇంకా ఉంటాయి. మేడారం జాతర జరిగే ఏడాది మాఘ పౌర్ణమి చుట్టుపక్కల రోజులు మాత్రం వదిలేయండి. కళాకారులు దొరకరు, పోలీసులకు తీరిక ఉండదు, ఊళ్లో మనుషులే ఉండరు.

అందరూ పౌర్ణమి అంటారు. నేను బహుళ తదియ లేదా చవితి అంటాను. పౌర్ణమి నాడు సూర్యుడు దిగే వేళకే చంద్రుడు వచ్చేస్తాడు, ఇక రాత్రంతా ఒకే వెలుగు. ఆ తర్వాత రోజుకు సుమారు యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతాడు. తదియ నాటికి పొద్దుగూకిన రెండు, రెండున్నర గంటల తర్వాత గానీ కనబడడు. డిసెంబరులో మన దగ్గర ఐదూ ముప్పావుకు అటూఇటూగా పొద్దుగూకుతుంది కాబట్టి, మీ నడకలో మొదటి సగం నిండు చీకట్లో, చివరి భోజనం వెన్నెల్లో జరుగుతాయి. చవితి అయితే ఇంకో మెరుగు. సంకష్టహర చతుర్థి ఉపవాసం ఉన్నవాళ్లు చంద్రుణ్ని చూశాకే తింటారు. ఆ రోజు మీ అతిథుల్లో అలాంటివాళ్లు ఒకరిద్దరు ఉంటే చంద్రోదయానికీ కుండ దించడానికీ సంబంధం ఎవరూ వివరించనక్కర్లేదు. చంద్రోదయ సమయం పంచాంగంలో చూసి, దాన్నుంచి వెనక్కి లెక్కేసి నడక మొదలుపెట్టే వేళ నిర్ణయించండి.

అనుమతులు

గ్రామ పంచాయతీకీ స్థానిక పోలీస్ స్టేషన్‌కూ ఒక్కో లేఖ ఇవ్వండి. తేదీ, దారి, ఎంతమంది, ఎన్ని గంటలకు ముగుస్తుంది, బాధ్యులెవరు రాస్తే చాలు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్లకు నిషేధం ఉంది. మీకు మైకే అవసరం లేదు కాబట్టి ఆ ఇబ్బంది రాదు, కానీ డప్పు కూడా పది లోపే ముగించండి. దారిలో ఎవరి పొలం తగిలినా ఆ రైతును ఇంటికెళ్లి అడగండి, ఫోన్‌లో కాదు. బొడ్రాయి, మైసమ్మల దగ్గర ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో ఊరి పెద్దలే చెప్పాలి. గద్దె మీద కూర్చోవడం, చెప్పులతో దగ్గరికి పోవడం, అక్కడ దేవత వేషం కట్టడం వద్దు.

కథ పోగుచేయడం

"ఈ ఊరి కథ చెప్పండి" అని అడిగితే ఎవరూ చెప్పరు. ప్రశ్న చిన్నదిగా, చేతికి అందేదిగా ఉండాలి. "అవ్వా, ఈ చెరువు ఎప్పుడెప్పుడు మత్తడి దుంకింది?" అని అడగండి. "కట్టకు గండి పడ్డ రాత్రి మీ ఇంట్ల ఎవరెవరున్నరు?", "తూము తీసే నీరటి ఎవరు? ఆయనకు గింజలు ఎంత కొలిచేది?", "కాకా, ఈత ఎక్కడ నేర్చినవ్?" అని అడగండి. ఇలాంటివాటికి జవాబు చెప్తూ చెప్తూ మనిషి కథలోకి జారుతాడు. పొలం పనులు లేని వేళ, ఇంటి అరుగు మీద కూర్చుని వినండి. రికార్డు చేస్తుంటే ముందే చెప్పి చేయండి.

పది మందిని అడిగితే ఒకే సంఘటనకు నాలుగు రకాల కథలు వస్తాయి. వాటిని కలిపి ఒకటి చేయకండి. గండి పడ్డ రాత్రిని నీరటి ఇంటివాళ్లు ఒకలా చెప్తారు, ఆయకట్టు రైతులు ఒకలా, కట్ట మీద మట్టి మోసిన ఆడకూలీలు ఇంకోలా చెప్తారు. ఒక్కో మజిలీలో ఒక్కో వైపు నుంచి చెప్పించండి. తూము దగ్గర నీరటి మాట, మత్తడి దగ్గర కూలీల మాట. నడిచేవాళ్లు వాటిని తమ బుర్రలో కలుపుకుంటారు. రెండు మజిలీల మధ్య చీకట్లో మాటల్లేకుండా నడిచే ఆ పావుగంటలో జరిగేది అదే.

ఎవరి కుటుంబ దుఃఖమైనా కథలో ఉంటే, ఉదాహరణకు చెరువులో పోయిన బిడ్డ, ఆ ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే చెప్పండి. ఒప్పుకున్నా పేరు తీసేయండి. ఊళ్లో అందరికీ తెలిసిన విషయమే కదా అనుకోవద్దు. తెలిసి ఉండటం వేరు, ముప్పై మంది కొత్తవాళ్ల ముందు వినడం వేరు.

కథకులతో మాట్లాడుకోవడం

మన జిల్లాల్లో కథ చెప్పే సంప్రదాయాలు ఎన్నో ఉన్నాయి. ఒగ్గు కథలో ప్రధాన కథకుడు, పక్కన వంతలు (వంత పాడేవాళ్లు), డోలు, తాళాలు. జనగామ జిల్లా మాణిక్యాపురం మనిషి చుక్క సత్తయ్య ఆ కథను ఊరి హద్దులు దాటించి దేశమంతా వినిపించారు. చిందు యక్షగానంలో అదే జిల్లాకు చెందిన గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. కోయ డోలి కొట్టి సమ్మక్క సారలమ్మ కథ పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో వచ్చింది. ఇక పటం కథలు. చేర్యాల నకాషీ చిత్రకారులు మూడడుగుల వెడల్పు, పదుల అడుగుల పొడవున్న గుడ్డ మీద ఎర్రటి నేపథ్యంలో కథంతా గీస్తే, కాకిపడగల వాళ్లు, కూనపులి వాళ్లు ఆ పటాన్ని బొమ్మ తర్వాత బొమ్మ విప్పుతూ చెప్తారు. రాత్రి ప్రదర్శనకు ఇది బాగా నప్పుతుంది. ఒక చిన్న దీపం వెలుగు ఒక బొమ్మకే సరిపోతుంది, మిగతా కథంతా చీకట్లో చుట్టచుట్టుకుని ఉంటుంది.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ కథల్లో చాలావాటికి కులాల వారీగా చెప్పే హక్కులున్నాయి. పద్మశాలీల మార్కండేయ పురాణం కూనపులి వాళ్లు చెప్తారు, ముదిరాజుల కథ కాకిపడగల వాళ్లు చెప్తారు. కాబట్టి మీరు కథ ఎంచి వాళ్లకు ఇవ్వకండి. దారి చూపించి, "ఈ చోట మీకు ఏ ఘట్టం చెప్పబుద్ధి అవుతుంది?" అని అడగండి. మొత్తం కథను ఇరవై నిమిషాలకు కుదించమని అడగడం అవమానం. ఒక ఘట్టం తీసుకుని అది పూర్తిగా చెప్పమనండి.

డబ్బు మాట ముందే మాట్లాడండి, సగం అడ్వాన్సు ఇవ్వండి, మిగతాది ఆ రాత్రే ఇళ్లకు పోకముందు చేతికివ్వండి. నా లెక్కలో మొత్తం ఖర్చులో సగం కళాకారులకు పోవాలి. రానుపోను బండి, వంతల కూలి విడిగా. "ప్రచారం వస్తుంది" అనే మాట వాళ్ల దగ్గర ఎత్తకండి.

ఊరి కథ చెప్పడానికి ఊరివాళ్లే ఒకరిద్దరు కావాలి. రంగస్థల అనుభవం అక్కర్లేదు. నాటకంలా చేయబోయి గొంతు పెంచేవాళ్ల కన్నా, అరుగు మీద చెప్పినట్టే చెప్పే పెద్దమ్మ చీకట్లో బాగా వినబడుతుంది.

ఊ కొట్టించడం

దీనికి వేరే శీర్షిక పెట్టడానికి కారణముంది. చీకట్లో కథకుడికి ఎదుటివాళ్ల ముఖాలు కనబడవు. నవ్వారో, నిద్రపోయారో తెలియదు. ఊ ఒక్కటే ఆధారం. చిన్నప్పుడు అందరం ఊ కొట్టినవాళ్లమే, పెద్దయ్యాక సిగ్గుపడతాం. అందుకే మొదటి మజిలీలోనే, మర్రిచెట్టు కింద, నియమం చెప్పేయండి: ఊ ఆగితే కథ ఆగుతుంది. కథకుడు నిజంగానే ఆపాలి. రెండుసార్లు అలా నిశ్శబ్దం పడ్డాక జనం సిగ్గు వదిలేస్తారు. మత్తడి దగ్గరికి వచ్చేసరికి ముప్పై గొంతుల ఊ ఒకేసారి వస్తుంది. వాళ్లను ప్రదర్శనలోకి లాగడానికి ఇంతకన్నా పెద్ద ఉపాయం వద్దు. ముసుగులు వేయించడం, వేషాలు కట్టించడం, "ఇప్పుడు మీరు సైనికులు" అని నిలబెట్టడం జనాన్ని టెన్షన్ పెడుతుంది.

తిండి: మూట, ముద్ద, గటక

తిండిని ప్రదర్శన అయిపోయాక పెట్టే భోజనంగా చూడకండి. మూడుసార్లు, మూడు రకాలుగా, కథలో భాగంగా రావాలి. ముప్పై మంది అతిథులు, పది మంది కళాకారులు, సాయం చేసేవాళ్లు కలిపి నలభై మందికి లెక్క చెప్తున్నాను.

మొదటిది మూట. బొడ్రాయి దగ్గర ఒకరికొకరు తెలియని ఇద్దరిద్దరిని జంటలు చేయండి. ప్రతి ఒక్కరికీ పాత చీర ముక్కలో కట్టిన మూట ఇవ్వండి, అందులో మోదుగాకు మీద సగం సర్వపిండి, గుప్పెడు బొబ్బర గుడాలు. ఆ మూట తనది కాదు, తన జంటది. మత్తడి దాకా మోసి అక్కడ జంట చేతిలో పెట్టాలి. ఎవరి తిండి వాళ్ల చేతిలో ఉండకపోవడంతో తెలియకుండానే పక్కవాళ్ల కోసం చూస్తూ నడుస్తారు, చీకట్లో ఒకరి అడుగు ఒకరు కనిపెట్టుకుంటారు. భద్రతకూ ఇదే మంచి పద్ధతి.

సర్వపిండి ఈ పనికే పుట్టినట్టుంటుంది. చల్లారినా రుచి పోదు, విరగదు, చేతికి అంటదు. ఇరవై గంజులు వేయాలంటే బియ్యప్పిండి రెండున్నర కిలోలు తీసుకోండి. నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లికాడ, కరివేపాకు వేసి గట్టిగా కలిపి, గంజు అడుగున పలచగా ఒత్తి, వేళ్లతో చిల్లులు పెట్టి నూనె పోసి మూత పెట్టాలి. సన్న మంట మీద ఒక్కోదానికి పది పన్నెండు నిమిషాలు, కాబట్టి నాలుగు గంజులు ఒకేసారి పెడితే గంటలో అయిపోతాయి. కారానికి వరంగల్ చపాటా మిర్చి వాడండి. రంగు నిండుగా ఉంటుంది, మంట తక్కువ, పిల్లలూ తింటారు. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బొబ్బర్లు రెండు కిలోలు పొద్దున నానేసి సాయంత్రం నాలుగు తర్వాతే ఉడికించండి. మధ్యాహ్నం ఉడికించి పెడితే మూటలో పులిసిపోతాయి.

రెండోది మలీద ముద్ద. తూము దగ్గర, కథ మధ్యలో, కథకుడే పంచాలి. కిలోంబావు గోధుమపిండితో రొట్టెలు చేసి, వేడిగా ఉండగానే తుంపి, కిలో బెల్లం, పావుకిలో నెయ్యి, యాలకుల పొడితో ముద్దలు కడితే నలభై దాటుతాయి. అప్పటికి బయల్దేరి గంట అయి ఉంటుంది, చలి మొదలై ఉంటుంది. ఆ వేళకు తీపి పడాలి.

మూడోది, అసలైనది, కల్లంలో మక్క గటక. కుండ అక్కడే, అందరి ముందే పొయ్యి ఎక్కాలి. నాలుగు కిలోల మక్క రవ్వకు పద్దెనిమిది లీటర్ల దాకా నీళ్లు. ముప్పై లీటర్ల గంజు కావాలి. నీళ్లు మాత్రం ముందే మరిగించి ఉంచండి. రవ్వ పోసినప్పటి నుంచి దించేదాకా ముప్పావుగంట. మీ చివరి కథ నిడివి కూడా అంతే. రవ్వ పోసినప్పుడు కథ మొదలవుతుంది, గటక ఉడికినప్పుడు ముగుస్తుంది. తెడ్డు తిప్పడం అతిథులే చేయాలి, ఒకరి తర్వాత ఒకరు. తిప్పే చేయి ఆగితే ఉండలు కడుతుంది కాబట్టి వంట చూసే అమ్మకు కథ ఆపే హక్కు ఇవ్వండి. "ఆగు బిడ్డా, అడుగంటుతంది" అని ఆమె కథకుణ్ని ఆపినప్పుడు అందరూ నవ్వుతారు, ఇంకా దగ్గరికి జరుగుతారు.

గటకలోకి పచ్చిపులుసు. అరకిలో చింతపండు, కాల్చిన పచ్చిమిర్చి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, వేయించిన నువ్వుల పొడి, పోపు. పక్కన మజ్జిగ, ఒక ఉల్లిగడ్డ ముక్క. మోదుగ విస్తర్లు వేసి ఒకే బంతి వేయండి. కళాకారులు మధ్యమధ్యలో కూర్చోవాలి, చివర్లో కాదు. వడ్డించేవాళ్లు కూడా చివర్లో అలాంటి విస్తర్లోనే తినేదాకా ఎవరూ లేవకూడదు. వంటకు ఏ ఇళ్ల నుంచి మనుషులు వస్తారన్నది ముందే ఆలోచించండి. ఊళ్లోని అన్ని వాడల నుంచీ ఒక్కో ఇల్లు ఉండేలా చూడండి. ఎవరైనా "వాళ్లు వండితే మేం తినం" అంటే వాళ్లను అతిథులుగా తీసుకోకండి. దీని మీద రాజీ వద్దు.

పల్లీలు పడనివాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు ఎవరో పేర్లు రాసుకునేటప్పుడే అడిగి తెలుసుకోండి.

చీకటి, వెలుగు, చప్పుడు

కన్ను చీకటికి అలవాటు పడటానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. ఒక్క ఫోన్ ఫ్లాష్ దాన్ని క్షణంలో చెడగొడుతుంది. అందుకే బొడ్రాయి దగ్గరే ఫోన్లు ఆపి జేబులో పెట్టుకోమనండి. దారి చూపేవాళ్ల టార్చ్‌లకు ఎర్ర గ్లాసు కాగితం రెండు మడతలు వేసి రబ్బరు బ్యాండు పెట్టండి. ఎర్ర వెలుగు కన్నును అంతగా చెదరగొట్టదు. వెలుగు నేల మీదే పడాలి, మోకాలి పైకి రాకూడదు. పటం కథ దగ్గర కిరోసిన్ దీపం వద్దు. గుడ్డ, రంగు, గాలి మూడూ ఉన్న చోట నిప్పు ప్రమాదం. పసుపు వెలుగిచ్చే బ్యాటరీ కందీలు చాలు.

నడుస్తున్నప్పుడు కథ చెప్పొద్దు. ముప్పై మంది వరస చాలా పొడుగ్గా సాగుతుంది, వెనకవాళ్లకు ఏమీ వినబడదు. కథంతా ఆగిన చోటే. కథకుడి వెనక గోడో, కట్ట వాలో ఉండాలి, జనం అర్ధచంద్రాకారంలో దగ్గరగా కూర్చోవాలి. గాలి కథకుడి వైపు నుంచి జనం మీదికి వచ్చేలా చూసుకోండి.

నడకలో డప్పు వాడుకోవచ్చు, అదీ దూరం నుంచి. చల్లని రాత్రి నీటి మీద చప్పుడు చాలా దూరం సాగుతుంది, నీటికి ఆనుకున్న చల్లగాలి దాన్ని కిందికి వంచుతుంది. చెరువు అవతలి గట్టున ఒకే ఒక్క డప్పు పెట్టి, జనం కట్ట మధ్యకు రాగానే మెల్లగా దరువు మొదలుపెట్టించండి. ఎక్కడి నుంచి వస్తుందో తెలియదు, కానీ ఒంటికి తగులుతుంది. తోలు డప్పు మంచుకు మెత్తబడుతుంది కాబట్టి అవతలి గట్టున కూడా కాచుకోవడానికి చిన్న మంట కావాలి. ఆ మంట చుక్కలా దూరం నుంచి కనబడటం కూడా మంచిదే. ఆ కళాకారుడు ఒంటరిగా ఉండకూడదు, తోడు ఒకరు, చలికి చద్దరు, వేడి చాయ్ తప్పనిసరి. గటక దించేలోపు ఆయన కల్లానికి చేరాలి. ఆయన రాకుండా వడ్డన మొదలుపెట్టకండి.

ప్రమాదాలు

మన పొలాల్లో రాత్రి నడకకు అన్నిటికన్నా పెద్ద ప్రమాదం కరెంటు తీగ. అడవి పందుల కోసం కొందరు చేను చుట్టూ తీగ కట్టి కరెంటు పెడతారు. అది చట్టవిరుద్ధం, మనుషులు పోయిన సంఘటనలు జరుగుతూనే ఉన్నాయి. దారికి రెండు వైపులా ఉన్న ప్రతి రైతునూ కలిసి అడగండి, ఆ సాయంత్రం వెలుతురు ఉండగానే దారంతా మళ్లీ నడిచి చూడండి. అనుమానముంటే దారి మార్చండి. తర్వాతిది గోడ లేని వ్యవసాయ బావి, నీళ్లు నిండిన పాత క్వారీ గుంత. దారికి ఇరవై అడుగుల లోపు ఇలాంటివి ఉంటే మనిషిని కాపలా పెట్టాలి, తాడు సరిపోదు.

కట్లపాము రాత్రే తిరుగుతుంది. బూట్లు లేనివాళ్లను నడకకు రానివ్వకండి, ముందు నడిచేవాళ్ల చేతిలో నేల తట్టడానికి కర్ర ఉండాలి. కాటు పడితే కోయడం, గట్టిగా కట్టడం, పసరు పోయడం ఏవీ వద్దు. మనిషిని కదలనివ్వకుండా బండి ఎక్కించి విషానికి విరుగుడు మందు ఉన్న ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోవాలి. ఏ ఆసుపత్రిలో ఆ మందు ఉందో ముందు రోజే కనుక్కోండి. తూము దగ్గరకూ కల్లం దగ్గరకూ బండి వచ్చే దారి ఉండాలి, ఒక ఆటో అక్కడే ఆగి ఉండాలి. 108కు ఫోన్ చేస్తే చెప్పడానికి చోటు గుర్తులు కాగితం మీద రాసి పెట్టుకోండి, చీకట్లో కంగారులో నోటికి రావు.

ఆడవాళ్ల కోసం మొదలయ్యే చోటా ముగిసే చోటా శుభ్రమైన టాయిలెట్ ఉండాలి. ఊరి బడిది దొరికితే తాళం ముందే తీసుకోండి. తాగి వచ్చినవాళ్లను, వాళ్లు ఎవరైనా సరే, బొడ్రాయి దగ్గరే ఆపండి. ఒకరు ముందు, ఒకరు మధ్యలో, ఒకరు అందరికన్నా వెనక. వెనక మనిషి ప్రతి మజిలీలో తల లెక్క చూశాకే కథ మొదలు కావాలి.

ముందస్తు నడకలు

ఒకసారి పగలు నడవండి, కొలతలు తీసుకోండి. ఒకసారి రాత్రి మీరిద్దరు ముగ్గురే నడవండి, మాట్లాడకుండా. ఎక్కడ కుక్కలు వస్తాయో, ఎక్కడ వీధి లైటు కళ్లలో పడుతుందో, ఎక్కడ కాలు జారుతుందో అప్పుడే తెలుస్తుంది. మూడోసారి పది మంది ఊరివాళ్లను తీసుకుని కథలతో, తిండితో సహా పూర్తిగా చేయండి. అందులో పెద్ద వయసు వాళ్లు ఒకరు, పిల్లలు ఒకరు తప్పక ఉండాలి. ఎక్కడ నిడివి ఎక్కువైందో వాళ్ల ఊ చెప్తుంది.

ఆ రాత్రి

ఐదున్నరకు అందరూ బొడ్రాయి దగ్గర. నియమాలు ఐదు నిమిషాల్లో చెప్పేయండి: ఫోన్ వద్దు, జంటను వదలొద్దు, మూట విప్పొద్దు, ఊ కొట్టాలి. ఆరుంబావుకు కదలాలి. మర్రిచెట్టు దగ్గర పావుగంట, కళ్లు చీకటికి అలవాటు పడటం కూడా అక్కడే మొదలవుతుంది. మైసమ్మ దగ్గర కథ లేదు, నిలబడి దండం పెట్టుకునేవాళ్లు పెట్టుకుంటారు. కట్ట మీద డప్పు. తూము దగ్గర మలీద, నీరటి కథ. మత్తడి దగ్గర మూటలు విప్పి, ఆడకూలీల కథ. ఎనిమిదింటికి కల్లం, రవ్వ పోయడం. ఆ తర్వాత అరగంటకు తూర్పున చంద్రుడు రావాలి. మబ్బు పడితే రాడు, దాని కోసం కథను సాగదీయకండి. తొమ్మిదికి వడ్డన, పదికి పొయ్యి ఆర్పి అందరూ కదలాలి.

భోజనం తర్వాత "మీ అనుభవం చెప్పండి" అని మైకు తిప్పినట్టు ఒక్కొక్కరినీ అడగొద్దు. తిన్నాక నిప్పు దగ్గర మాటలు వాటంతటవే మొదలవుతాయి. ఆ వేళ ఊరి ముసలివాళ్లు మీకు ముందెప్పుడూ చెప్పని సంగతులు చెప్తారు, మీలో ఒకరు వాటిని జ్ఞాపకం పెట్టుకోండి.

మర్నాడు

పొద్దున్నే కల్లానికి వెళ్లి బూడిదలో నిప్పు లేదని చూడండి, విస్తర్లు పెంట కుప్పలో వేయండి, గుడ్డ ముక్కలు ఉతికి దాచండి. పొలం ఇచ్చిన రైతును, వండిన ఇళ్లను కలవండి. పోగుచేసిన కథలను శుభ్రంగా రాసి రెండు ప్రతులు తీయండి, ఒకటి ఊరి బడికి, ఒకటి పంచాయతీకి. కథ చెప్పిన ప్రతి అవ్వకూ తాతకూ వాళ్ల గొంతు రికార్డు పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇంట్లోని పిల్లల చేతికివ్వండి. వచ్చే ఏడు చేయాలనుకుంటే, ఈసారి ఏ వాడ నుంచి వంటకు ఎవరూ రాలేదో చూసి, మొదట ఆ వాడకే వెళ్లి అడగండి.